ఢక్కన్ లూజ్

ఆ పానా కింద పెట్టు తిరుమలేశా, పెట్టి నా దిక్కు చూడు! సొంత అక్క ఎండల ఆటో పట్టుకోని నీ గ్యారేజికి వస్తె, నువ్వు బండి కింద దూరుతున్నవు. ఏందిరా నువ్వు చేసిన పని?

నవ్వకు. నవ్వకు అంటున్న! ఆడ మీ బావ నిన్నటిసంది ముద్ద ముట్టలే. "బేస్తారం నీ తమ్ముని బిడ్డ తొట్టెలకు నేను రాను, నువ్వు గూడ పోవద్దు" అని గోడ దిక్కు చూసుకుంట చెప్పిండు. నీ బిడ్డ చెవుల మేఘ అని పేరు పలకాల్సిన మేనత్తను నేను. నేను రాకుంటె ఎవరు పలుకుతరు, నీ జాక్ పలుకుతదా?

అసలేమైంది? మా కారుల ఇంజిన్ బొమ్మ పసుపు లైటు పడ్డది. తోవల ఎవడో "సేఠ్, పెట్రోల్ పంపు ఖరాబైంది, మొత్తం మార్చాలె" అని బెదిరిచ్చిండు. ఈయన పరేషానై బండి నీకు పంపిండు. నువ్వు మెషిన్ పెట్టినవు, పీ జీరో ఫోర్ ఫైవ్ సెవెన్ అని ఏందో నంబర్ వచ్చింది. టాంకిల నుంచి పెట్రోల్ ఆవిరి బయటికి పోతున్నదని దానర్థమంట గద? మరి గదే చెప్పరాదా!

మా గిన్నెల దుకాన్ల మాన్వి ఊరి గిరాకోళ్లు పెండ్లి సామాను చూస్తున్నరు. మీ బావ చేతుల బిందె ఉన్నది, అందుకే ఫోను స్పీకర్ల పెట్టిండు. "ఏమైంది బామ్మర్ది, పంపు పోయిందా?" అని పాపం ఎంత భయంగ అడిగిండు! నువ్వేమన్నవు? "పంపు గింపు ఏం లేదు బావా, ఢక్కన్ లూజ్!"

ఢక్కన్ అంటె మూతే, నాకు తెల్వదా? కాని తెలివి తక్కువోన్ని గూడ మనోళ్లు ఢక్కన్ అనే అంటరు గద. లూజ్ అంటె ఇంక చెప్పేదేమున్నది? అది గూడ బామ్మర్ది నోట్లకెల్లి! మీద నుంచి "జర గట్టిగ బిగిస్తె ఠీక్ అయితడు" అన్నవు.

ఏంది? "అయితది" అన్నవా? మాకు "అయితడు" అనే వినొచ్చింది నాయనా!

దుకానంత గొల్లుమన్నది. ఈయన మొఖం వంకాయ రంగుకొచ్చింది. టక్కున ఫోను కట్ చేసి నీ నంబర్ బ్లాక్ చేసిండు.

నేను చెప్పలేదనుకున్నవా? "అది టాంకి మూత, గిల్లేసూగూరు పెట్రోల్ బంకుల మీరే సగం తిప్పి వదిలిండ్రు" అన్న. గట్లంటె ఇంకింత మండింది.

అందుకే చెప్తున్న, చేతులు కడుక్కో, అంగి మార్చు, నడువు. "మాఫ్ చెయ్యి బావా" అని ఒక్క మాట అను. నీ తప్పేం లేదా? హౌదప్పా, నిజమే, లేదు. అయినా అను.

ఏంది గట్ల చూస్తున్నవు? పొద్దుందాక డబ్బాలకు ఢక్కన్లు అమ్మేటోనికి ఢక్కన్ అంటె తెల్వదా అంటవా?

తెలుసురా. మొదట్ల నుంచే తెలుసు ఆయనకు.

సరే, చెప్త. నీ పెండ్లానికి మాత్రం చెప్పకు, ఒట్టు. ముందు గిరాకోళ్లు నవ్వలే. ముందు నవ్వింది నేను. గల్లాపెట్టె కాడ కూసోని చాయ్ తాగుతున్న, నవ్వుకు చాయ్ ముక్కులకెల్లి వచ్చింది. నన్ను చూసి వాళ్లు షురూ చేసిండ్రు. ఆయన వాళ్లను చూడనే లేదు, నన్నే చూసిండు. ఆ చూపుకు నా మనసు చివుక్కుమన్నది తమ్మీ, నిజంగ. నీ మీద కోపం ఉత్త బహానా.

మాఫీ అడగాల్సింది నేనే. అడుగుదామనే పోయిన. ఎదురుంగ నిలవడి "తప్పయింది" అననీకె నోరు తెరిచిన, ఆ మొఖం చూసిన, మల్ల నవ్వొచ్చింది! పొద్దుగాల ఇంకోపారి పోయిన, అప్పుడు గూడ గంతే. చీర కొంగు నోట్ల కుక్కుకోని వంటింట్లకు ఉరికిన.

అందుకే, నా తరఫున నువ్వడుగు. నేను దుకాన్లకు రాను, బయట ఆటోల కూసుంట. నువ్వు గూడ నా దిక్కు చూడకు.