పన్నెండో పురుడు

నందిగామలో ఒక ఆసుపత్రి వరండా. అక్కాచెల్లెళ్ళిద్దరు మెల్లగా నడుస్తున్నారు. చెల్లెలికి అండాశయం క్యాన్సర్ ఆపరేషనై పదిహేను రోజులైంది. ఎడమకాలు వాచి ఉంది.

“కాల్లో రక్తం గడ్డకట్టిందంట. అంతా నా నిర్వాకమే.”

“నీదేముందక్కా? ఈ జబ్బుకి రక్తం తొందరగా గడ్డకడుతుందని డాక్టరు ముందే చెప్పాడుగా.”

“అందుకేగా నడిపించమంది, నీళ్ళు బాగా తాగించమంది! నేనేం చేశా? పచ్చి ఒళ్ళని, ఇంటికి తీసుకెళ్ళిన పది రోజులూ మంచం దిగనివ్వలా. చెవుల్లో దూది పెట్టి, వెల్లుల్లి కారం ముద్దలు తినిపించి, నీళ్ళు గుక్కలు లెక్కపెట్టి పోశా. వత్సవాయిలో పదకొండు పురుళ్ళు పోసినదాన్ని, నాకు డాక్టరు చెప్పేదేంటని!”

“ఆ మాట డాక్టరుతో కూడా అన్నావా?”

“అన్నా. ‘మరి ఈవిడకి పుట్టిందేంటమ్మా?’ అన్నాడు. నర్సులు నవ్వారు. నేనూ నవ్వా, అక్కడ ఏడిస్తే బాగోదని.”

“ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదమంటగా?”

“ఇంజెక్షన్లు చేస్తున్నారుగా, పోదులే. నువ్వు నడువు. నన్ను తిట్టవేంటే? రెండు తిట్లు తిడితే నాకు నిద్రన్నా పడుతుంది.”

“ఎందుకు తిట్టాలి? చుట్టాల్లో ఎవరికి కాన్పైనా నువ్వే వెళ్ళి చేసొచ్చేదానివి. పెళ్ళయి ముప్పై ఏళ్ళు ఎదురుచూశా, నా వంతు రాలా.”

అక్క నడక ఆగిపోయింది.

“ఆ పది రోజులూ నాకు చాలా బాగుందక్కా.”