నూకాలు కత్తికి రోకలి పిడి

నూకాలుంది చూశారూ, మేదరోళ్ళ కోడలు, ఆమె మొగుడు పోయి ఆర్నెల్లయిందంట. వాళ్ళలో ఓ పద్ధతుంది. బుట్టలల్లేది ఆడోళ్ళే గానీ వెదురు చీల్చే కత్తి మాత్రం మగాడిది. మొగుడు పోతే అది మరిదికి పోద్ది, పెళ్ళానికి రాదు. కత్తే కదా పోతే పోయింది అనుకుంటారేమో, కాదు. మునసబుగారింట్లో పెళ్ళయితే పెళ్ళిగంప, అదేనమ్మా, పెళ్ళికూతుర్ని కూచోబెట్టి మేనమామ ఎత్తుకొచ్చే గంప, అది అల్లే వంతు తరతరాలుగా వీళ్ళింటిది. ఒక్కసారి వంతు తప్పిందా, ఇంక రాదు. ఏమైందంటే, మునసబుగారి చిన్నమ్మాయి పెళ్ళి ఎనిమిది రోజులుందనగా మరిది అప్పలకొండ వచ్చాడంట. వదినా, కత్తిలేని ఇంటికి వంతేంటి, ఈసారి గంప మేం అల్లుతాం, నువ్వు చేటలల్లుకో, బద్దలు నేను చీల్చి పడేస్తాలే, అన్నాడంట. పడేస్తాడంట! ఆ మాటకి నూకాలు చేతిలో చేట పక్కన పడేసి లేచింది.

తిన్నగా కమ్మరి దగ్గరికెళ్ళింది. నాకో కత్తి చేసిపెట్టు బావా, అంది. ఆయన కొలిమి ముందు నుంచి లేవనైనా లేవలేదు. ఆడదానికి మేదర కత్తి చేస్తే మీ కులపోళ్ళు నన్ను బతకనిస్తారా, ఎల్లెల్లు, అన్నాడు. వెళ్తావెళ్తా కొలిమి వెనకాల చూస్తే, అరిగిపోయిన ఆకురాయి ఒకటి పారేసుంది. ఇనుముని అరగదీసే ఇనుమంటే ఎంత గట్టిదో అనుకో! కొంగులో చుట్టుకొచ్చేసింది. పెరట్లో గుంట తవ్వి, బొగ్గులు పోసి, పొయ్యి ఊదే గొట్టంతో బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదింది. ఎర్రగా కాలిన దాన్ని బండ మీద పెట్టి సుత్తితో కొట్టడం, మళ్ళీ కాల్చడం, మళ్ళీ కొట్టడం. మూడు రోజులు. నీళ్ళలో ముంచితే చుయ్యిమంది. సాన పట్టి చేతి మీద వెంట్రుక గీకి చూసుకుంటే, తెగింది. ఎవరూ నేర్పలేదమ్మా ఆమెకి. ఇప్పటికీ తల్చుకుంటే నాకు వింతే.

ఇంక పిడి కావాలి. ఇక్కడే పప్పులో కాలేసింది. వెదురు మా ఇంటిది, వేరే కర్రెందుకు అనుకుని, మంచి వెదురు కణుపు చూసి కత్తి తోక దిగ్గొట్టింది. మొదటి దెబ్బకే పిడి రెండు బద్దలై చేతిలోకొచ్చింది. గోడ మీంచి చూస్తున్న అప్పలకొండ పగలబడి నవ్వాడు. వదినా, వెదుర్ని చీల్చే కత్తికి వెదురు పిడేంటే! బద్దలు బాగా వచ్చాయి, విసనకర్ర చేసుకో! అన్నాడంట. తర్వాత టేకు ముక్క పెట్టింది. నున్నగా అందంగా ఉంది గానీ, నానిన వెదురు తడికి చేతిలోంచి జారి కాలి పక్కన పడింది. వేలెడు దూరంలో!

పెళ్ళి నాలుగు రోజులుంది. నూకాలు చతికిలబడి ఏడుస్తుంటే, అత్త పైడమ్మ లోపల్నుంచి రోకలి మోసుకొచ్చిందంట. చండ్రకర్ర రోకలి, ఆవిడ అత్త నాటిది. ఏటే ఏడుస్తావు, దీని నడుం పట్టుకు చూడు, అంది. పట్టుకుంది. మూడు తరాల ఆడోళ్ళ చేతులకి అరిగి గుంటపడిన చోట, నూకాలు వేళ్ళు ఐదూ కుదురుకున్నాయి. అత్తా, రోకలి లచ్చిందేవి కదే, కొయ్యొచ్చా, అని నూకాలు. లచ్చిందేవి ఇన్నాళ్ళూ దంచింది, ఇప్పుడు చీలుస్తాది, కొయ్యి! దంపుడికి పక్కింటి రోకలి లేదేటి? అని అత్త. నడుం ముక్క కోసి పిడి చేశారు. రోకలి కొసకున్న పొన్ను, ఆ ఇనప కట్టే, ఊడదీసి పిడి మూతికి బిగించారు. ఇంక చీలేదెక్కడ! జారేదెక్కడ! సర్రుమని వెదురు ఈ కొస నుంచి ఆ కొసకి దారంలా చీలిందంట.

కత్తొచ్చింది కాబట్టి వంతూ నిలిచింది, పెళ్ళినాటికి గంప నూకాలే అల్లి పంపింది. పెళ్ళికూతురేమో కాస్త బొద్దుమనిషి. అప్పలకొండ ముందు వరసలో నిలబడి, కిర్రుమంటుందేమోనని చెవులు రిక్కించాడు. మేనమామ ఆయాసపడ్డాడు గానీ గంప కిక్కురుమనలేదు. ఎవరల్లారే అని మునసబుగారి భార్య అడిగితే, నా కోడలు, నా కోడలు చేసిన కత్తితో, అని పైడమ్మ అరిచిన అరుపుకి సన్నాయి ఆగిపోయిందంట.

తర్వాత అప్పలకొండ మెల్లిగా వచ్చాడు. వదినా, ఆ కత్తి ఓ పూట ఇస్తావేంటి? ఇచ్చింది. పట్టుకున్నాడు, తిప్పాడు, మళ్ళీ పట్టుకున్నాడు. చేతికి ఎక్కడా కుదర్దే! నీ రోకలి నువ్వు అరగదీసుకో మరిదీ, అంది నూకాలు.

ఆ యేడు మేదర వీధిలో మగాళ్ళు వడ్లు దంచడం మొదలెట్టారని మా అమ్మమ్మ చెప్పేది. రోకళ్ళు అరిగాయో లేదో నాకు తెలీదు గానీ, ఆడోళ్ళ నడుములకి మాత్రం సుఖమొచ్చిందంట.