బుధవారానికి ముందు

నా వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న మన కాలేజీ క్రీడా విభాగం డైరెక్టర్ స్టాన్‌ఫిల్ గారికి, పెద్ద కోచ్ రెన్‌ఫ్రో గారికి, నాతో పనిచేసిన కోచ్‌లకు, ఇన్నేళ్లుగా మమ్మల్ని భరించిన ఇంటివాళ్లకు నమస్కారం.

నా భార్య లోరీన్ చివరి రోజు గురించి మీలో చాలామంది అడగబోయి ఆగిపోయారు. చెప్పేస్తాను. నవంబరులో ఒక గురువారం. పొద్దున రెండు చెంచాల పీచ్ పండు తింది. పదింటికి నర్సు వచ్చి దిండ్లు సర్దింది. మధ్యాహ్నం ఇట్టా బీనా అనే ఊరి నుంచి టెవిన్ మాబ్రీ ఫోన్ చేశాడు. పదిహేడేళ్లవాడు, మన జట్టులోకి నేను పిలుస్తున్న కుర్రాడు. మూడు పెద్ద కాలేజీల ఫుట్‌బాల్ జట్లు అతని వెంట పడుతున్నాయి. లోరీన్ వింటుందని ఫోన్ మంచం మీద పెట్టాను.

"కోచ్, నానమ్మతో మాట్లాడాను. మీ దగ్గరికే వస్తాను," అన్నాడు.

"కాలేజీ నచ్చిందా బాబూ?"

"కాలేజీని సరిగ్గా చూడనేలేదు కోచ్. మిమ్మల్ని చూశాను."

ఈ సీజన్‌తో నేను మానేస్తున్నానని అప్పటికి లోరీన్ ఒక్కదానికే తెలుసు. ఫోన్ పెట్టేశాక, "బుధవారానికి ముందే చెప్పు వెండెల్," అంది. నాలుగున్నరకు పోయింది. అదే తన చివరి మాట.

బుధవారం అంటే ఏమిటో ఇక్కడ చెప్పక్కర్లేదు గానీ, ఇద్దరు కోచ్‌ల అత్తగార్లు కూడా వచ్చారు కనుక చెప్తాను. (నవ్వులు) ఫిబ్రవరి మొదటి బుధవారం కుర్రాళ్లు కాగితం మీద సంతకం పెడతారు. అందాకా వాళ్లు వస్తామన్నది నోటిమాటే. పెట్టాక మనసు మారి ఇంకో కాలేజీకి పోతే ఒక ఏడాది ఆట పోతుంది. ఇవాళ సోమవారం. నేను వెళ్తున్న వార్త పేపర్లకు ఇచ్చేది గురువారం. అప్పటిదాకా అది ఈ హాలు దాటకూడదని స్టాన్‌ఫిల్ గారు మనందరినీ కోరారు.

ఇరవై తొమ్మిదేళ్లలో ఐదుగురు పెద్ద కోచ్‌ల కింద పనిచేశాను. ఒకరు పోయి ఇంకొకరు వచ్చిన ప్రతిసారీ మొదటి వారం మా ఫోన్లు మోగుతూనే ఉండేవి. కొందరు కుర్రాళ్లు వెళ్లిపోయిన కోచ్ వెంటే వెళ్లారు. కొందరిని కొత్తాయనే వద్దన్నాడు. మిగిలినవాళ్లు తమకు తెలియని మనుషుల చేతికి తమ నాలుగేళ్లూ ఇచ్చి, బట్టల సంచి భుజాన వేసుకుని ఆగస్టులో వచ్చి నిలబడ్డారు. వాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ వయసులో నాకంత గుండె లేదు. ఇప్పుడూ ఉందని చెప్పలేను.

అలా వచ్చినవాళ్లలో ఒకడు, కర్టిస్ హేర్‌స్టన్, ఇక్కడే ఉన్నాడు. కూర్చో కర్టిస్, నువ్వు లేస్తే వెనక వరసలకు నేను కనబడను. (నవ్వులు) కర్టిస్ సంతకం చేయాల్సిన ఏడాది, ఆ బుధవారానికి ముందు శుక్రవారం అప్పటి పెద్ద కోచ్ మమ్మల్ని గదిలో కూర్చోబెట్టి తలుపేశాడు. "నేను వేరే చోటికి పోతున్నాను. బుధవారం దాటేదాకా ఎవడూ నోరు విప్పకండి," అన్నాడు. ఇంటికెళ్లి లోరీన్‌కు చెప్పాను. "వాళ్లమ్మకు చెప్పు," అంది. "మా పనిలో ఇది మామూలే," అన్నాను. శనివారం కర్టిస్ వాళ్లమ్మ హేర్‌స్టన్ గారింట్లో వేయించిన చేప, మొక్కజొన్న రొట్టె తిన్నాను. "వాడు వచ్చేసరికి మీరంతా ఉంటారుగా?" అని ఆవిడ అడిగింది. "ఉంటామమ్మా," అన్నాను.

బుధవారం కర్టిస్ సంతకం పెట్టాడు. శనివారం పెద్ద కోచ్ వెళ్లిపోయాడు. ఆదివారం లోరీన్ కారు తాళాలు నా చేతిలో పెట్టి, "పద," అంది. కర్టిస్ వాళ్లమ్మ తలుపు సగమే తెరిచింది.

"తెలిసే తిన్నారా కోచ్ గారూ?"

"తెలుసమ్మా."

"మరి నా వంట మీ గొంతులో ఎలా దిగింది?"

ఆవిడ వెనక నుంచి కర్టిస్, "అమ్మా, లోపలికి రానీ వాళ్లని. బయట చలిగా ఉంది," అన్నాడు.

(కళ్లద్దాలు తీసి తుడుచుకుని) క్షమించండి. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఇలాగే అవుతుంది.

కొత్తాయనకు బరువైన కుర్రాళ్లు అక్కర్లేదు, పరిగెత్తేవాళ్లు కావాలి. కర్టిస్ రెండేళ్లు బెంచీ మీద కూర్చున్నాడు. వెళ్లిపోలేదు. ఎందుకు వెళ్లలేదురా అని తర్వాతెప్పుడో అడిగాను. "మీరిద్దరూ వచ్చి తలుపు కొట్టారు కదా కోచ్. మిగతావాళ్ల ఇళ్లకు ఎవరూ వెళ్లలేదట," అన్నాడు. రేపటి నుంచి నా కుర్చీ అతనిది. నాకన్నా మంచివాడి చేతికి వెళ్తోంది.

ఇక టెవిన్ సంగతి. నవంబరు నుంచి ఇవాళ్టిదాకా నేను అతనికి చెప్పలేదు. దుఃఖంలో ఉన్నానని సాకు చెప్పుకున్నాను. దుఃఖం నిజమే. చెప్పకపోవడం మాత్రం పాత అలవాటు.

లోరీన్ పోయాక మా ఇంటికి ఇరవై రెండు గిన్నెల్లో భోజనం వచ్చింది. అడుగున టేపు మీద పేర్లు రాసి పంపారు. ఇరవై ఒకటి తిరిగి ఇచ్చేశాను. మిగిలిన గాజు గిన్నె అడుగున 'ఓడెస్సా మాబ్రీ, ఇట్టా బీనా' అని ఉంది. టెవిన్ నానమ్మ. అది ఇవ్వాలంటే ఆవిడ వంటింట్లో కూర్చోవాలి, కూర్చుంటే నిజం చెప్పాలి.

రెన్‌ఫ్రో గారూ, మీ ముఖం నాకు కనిపిస్తూనే ఉంది. ఆ కుర్రాడు చేజారితే ముందు వరసలో ఎడమవైపు మీకు మనిషి లేడు. నాకూ అతను ఇక్కడికే రావాలని ఉంది. నేను వెళ్తున్న సంగతీ, కర్టిస్ గురించి నాకు తెలిసిందంతా అతనికి చెప్తాను. ఆపైన రావాలో వద్దో అతని ఇష్టం. స్టాన్‌ఫిల్ గారూ, ఈ వారం కోచ్‌లు కుర్రాళ్ల ఇళ్లకు వెళ్లకూడదని నాకు గుర్తుంది. ఇవాళ్టితో నేను కోచ్‌ని కాను. గిన్నెలు తిరిగివ్వడం గురించి నిబంధనల్లో వెతికాను, ఏమీ లేదు. (నవ్వులు)

ఇన్నేళ్లు నన్ను ఉంచుకున్నందుకు మీ అందరికీ, నవంబరులో మా ఇంటి ముందు ఎండుటాకులు ఊడ్చిపెట్టి పేరు చెప్పకుండా వెళ్లిపోయిన వాళ్లెవరో వాళ్లకూ కృతజ్ఞతలు. ఆఫీసు తాళాలు ఈ బల్ల మీద పెడుతున్నాను. సెలవు.

టెవిన్ బడి బస్సు ఏడున్నరకు వస్తుంది. రేపు పొద్దున ఐదింటికి గిన్నె పక్క సీట్లో పెట్టుకుని బయలుదేరుతాను. బస్సు రాకముందే చెప్తాను.