నా కేకు నేనే కోసుకున్నాను

మళ్ళీ మొదలెట్టావా బావా! రెట్టింపు జీతం, ఏసీ గది, తిరిగే కుర్చీ... నీ స్నేహితుడి కంపెనీకి ఓ దండం. ఈ నీళ్ళ శాఖ గుమాస్తా ఉద్యోగానికి నేను రాజీనామా చెయ్యను. చెయ్యనంటే చెయ్యను.

ఏంటీ? సోమరితనమా? నెమ్మదిగా అను, నీ చెల్లెలు వంటింట్లోనే ఉంది.

ఇంతకుముందు నువ్వు పెట్టించిన పంపుల కంపెనీ ఉద్యోగం ఏమైందో మర్చిపోయావా? చేరిన రోజే మేనేజరు భుజమ్మీద చెయ్యేసి, "మనమంతా ఒకే కుటుంబం" అన్నాడు. గుండె గుభేలుమంది. ఇంట్లో కుటుంబంతోనే వేగలేక చస్తుంటే అక్కడా కుటుంబమేనా? అబ్బే, నీ గురించి కాదులే, కూర్చో.

అక్కడ అన్నిటికీ కేకే. పుట్టినరోజుకి కేకు, కొత్త బేరం కుదిరితే కేకు. ఓ శుక్రవారం సాయంత్రం అందరూ నా బల్ల చుట్టూ చేరారు. కేకు మీద నా పేరు! ఆదివారం నా పుట్టినరోజు కదా, సెలవని ముందే చేస్తున్నారనుకుని పొంగిపోయాను. కొవ్వొత్తి లేదేంటని అడిగి మరీ తెప్పించాను. ఊదాను, కోశాను. ఎవరూ కొట్టకపోతే చప్పట్లు కూడా నేనే కొట్టాను. పైగా ఉపన్యాసం! "ప్రాణం ఉన్నంతవరకు మిమ్మల్ని వదలను" అన్నాను. అందరూ నేల చూపులు చూస్తున్నారు. మేనేజరు పెద్ద ముక్క నా నోట్లో కుక్కి, "సోమవారం నుంచి రానక్కర్లేదండీ" అన్నాడు. నోటి నిండా కేకు బావా, తిట్టడానిక్కూడా వీల్లేదు!

నవ్వకు. నవ్వుతావేం? మనిషిని తీసేసినా కేకేనటయ్యా అక్కడ!

మరి ఇక్కడో? మొదటిరోజు పెద్ద గుమాస్తా తలెత్తకుండానే, "ఆ కుర్చీకి కాలు ఊగుతుంది, చూసి కూర్చో" అన్నాడు. అంతే! ప్రాణం లేచొచ్చింది. జనం సర్కారు ఉద్యోగాలకి ఎందుకు ఎగబడతారనుకున్నావు? శుక్రవారం సాయంత్రం భయం లేకుండా ఇంటికి రావడానికి!

ఏంటలా చూస్తావు?

సరే. నీ చెల్లెలికి చెప్పనంటే ఓ మాట చెప్తాను. పని మాత్రం అక్కడే బాగుండేది బావా. పంపు పాడైందని బూతులు తిడుతూ ఫోన్ చేసినవాళ్ళు, నాతో మాట్లాడాక థాంక్స్ చెప్పి పెట్టేసేవాళ్ళు. ఇక్కడ ఫోన్ మోగితే అందరం దానివంక చూస్తాం. అదే ఆగిపోతుంది.

మొన్న జ్వరమొచ్చి వారం వెళ్ళలేదా? తగ్గాక వెళ్ళి పెద్ద గుమాస్తా ముందు చేతులు కట్టుకుని నిలబడితే, "ఎవరు కావాలండీ మీకు?" అన్నాడు. ఆయన పక్క బల్లే నాది! ఏడుపొచ్చింది, నిజం.

నన్నిక్కడ ఎవరూ తీసెయ్యరులే బావా. తీసెయ్యాలంటే ముందు నేనున్నానని తెలియాలి కదా!