కవరియ్యనన్న చేపల నూకరత్నం

నూకరత్నమని ఒకత్తి ఉండేది, చేపలమ్ముకునేది. మా పేటలోనే, ఆ కొసన ఇల్లు. దాని చెయ్యి ఎంత చురుకంటే, నువ్వు బేరమాడి నోరు మూసేలోపు చేపని కవర్లో ఏసి, ముడి బిగించి, నీ చేతిలో ఎట్టేసేది. ఆ ముడి కూడా మామూలు ముడి కాదు బాబూ. రెండు మెలికలు తిప్పి లాగితే, పైన కుందేలు చెవుల్లాగ రెండు కొసలు నిక్కబొడుచుకునేవి. అలాటి ముడి ఇంకెవలికీ రాదు. ఇప్పలేక జనం పళ్లతో కొరికేవోరనుకో. సంతలో దాని పక్కనే తోటికోడలు పైడితల్లి కూకునేది. రెండు గంపలు, ఇద్దరికీ కలిపి ఒకటే గొడుగు.

అలాగుండగా ఏమైందంటే, ఒకనాడు పొద్దున్నే దాని మొగుడు సింహాద్రీ, పేటలో మగోళ్లూ కలిసి అలివి వల ఏసినారు. అలివి వలంటే తెల్సు కదా, పడవ మీద తీసుకెళ్లి సముద్రంలో చుట్టూ తిప్పుకొచ్చి, రెండు పక్కలా తాళ్లు పట్టి జనం ఒడ్డుకి లాగుతారు. లాగుతుంటే వల రాదంట! అంత బరువంట! సింహాద్రి ఊరుకోకుండా, చేప పడిందిరోయ్, ఇంట్లో ఉన్నోళ్లందరూ రండిరోయ్ అని కేకేసేసినాడు. ఇంకేటుంది, ఆడోళ్లు, ముసలోళ్లు, బడికెళ్తున్న పంతులుగారు కూడా చెప్పులు ఇడిచేసి తాడు పట్టేసినారు. నేనూ పట్టినాను, నమ్ము. లాగుతున్నాం, నవ్వుతున్నాం. ఒకడు ఇంటికి డాబా ఏసేత్తానంటాడు, ఒకత్తి ముక్కుపుడక చేయించుకుంటానంటాది. వల ఒడ్డెక్కింది. సూద్దుము కదా, కవర్లు! కవర్లు, గళాసులు, నీళ్ల సీసాలు, గుట్టకి గుట్ట. మధ్యలో మూడంటే మూడు పీతలు. మమ్మల్ని సూసి అవే సిగ్గుపడి పక్కకి నడిచిపోయినాయి.

జనం తిట్టుకుంటా ఎల్లిపోయినారు. నూకరత్నం మాత్రం వంగి ఒక కవరు తీసింది. దాని మీద రెండు మెలికల ముడి, పైన చెవులు. ఇంకోటి తీసింది. చెవులు. ఇంకోటి తీసింది, దానికీ చెవులే. ఓలమ్మో, ఇది నా ముడే మావా, అందంట. సింహాద్రికి కడుపు మండిపోతంది. ఎవలి ముడైతే ఏటే, చేపల్లేక నేనేడుత్తుంటే, అన్నాడు. నూకరత్నం ఇసకలో కూలబడిపోయింది. "అది కాదు మావా, నేనిచ్చిన కవర్లే జనం పారేత్తే కాలవలో పడి సముద్రానికి ఎల్లినాయి. నీ వల నేనే నింపినాను" అని గోడుగోడున ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, రేపట్నించి నేను కవరిత్తే ఈ చెయ్యి పడిపోవాల అని ఒట్టేసేసింది. అదలాంటిదే, మొండిది.

మర్నాడు సంతలో కూకుంది. చేప కావాలా, గిన్నె తెచ్చుకో, అంటాది. గిన్నె పట్టుకుని సంతకెవడొత్తాడు? పక్కన పైడితల్లి ఊరుకుంటాదా, రండి బాబూ రండి, నా దగ్గర కవరు మీద కవరు, రెండు కవర్లు! అని అరుపు. జనమంతా అటే. ఒక రోజు కాదు, రెండ్రోజులు కాదు, నాలుగు రోజులు. నూకరత్నం అమ్ముడవ్వని చేపలన్నీ ఇంటికి తెచ్చి ఉప్పేసి ఎండబెట్టింది. చూరు మీద చేపలే, మంచం మీద చేపలే, సింహాద్రి తువ్వాలు పక్కనా చేపలే. ఇదిగో, రేపు కూడా ఇలాగే తెచ్చావంటే నేను వల ముట్టను, నువ్వూ నీ ఒట్టూ కలిసి వండుకు తినండి, అన్నాడంట. దానికీ లోపల బెంగే. ఐనా మెట్టు దిగలేదు.

అయిదోనాడు ఏమైందంటే, మా ప్రెసిడెంటు సూరిబాబుగారు తెల్లటి గంజి పంచె కట్టుకుని, బుజాన కండువా ఏసుకుని దిగినాడు. ఆయనింటికి కొత్త వియ్యంకుడు మొదటిసారి ఒత్తన్నాడు. పండుగప్ప పులుసు ఎడతానని మాటిచ్చేసినాడు. ఆవేళ సంత మొత్తానికి పండుగప్ప ఒకటే ఉంది, అదీ నూకరత్నం గంపలో, ఇంకా ప్రాణంతో. నూకా, ఇయ్యి, అన్నాడు. గిన్నేదండీ, అంది. ఎవల్తో మాటాడతన్నావో తెల్సా, అన్నాడు. ప్రెసిడెంటుగారితోనండి, గిన్నేదండీ, అంది. పైడితల్లి పక్కనించి కవరు ఊపుతా, ఇదిగోనండి బాబూ నేనిత్తాను, అంది. నూకరత్నం చేప మీద చెయ్యేసి, దాంట్లో ఏత్తే చేప ఇయ్యను, అందంట! చుట్టూ జనం మూగిపోయినారు. బస్సొచ్చే ఏళయిపోతంది. పాపం ఆయనేం చేత్తాడు, కండువా తీసి పరిచినాడు. చేపని పసిపిల్లలాగ చుట్టి, గుండెకి అద్దుకుని బయల్దేరినాడు.

పది అడుగులేసినాడో లేదో చేప తన్నింది. ఈయన గట్టిగా పట్టుకున్నాడు. మళ్లీ తన్నింది. తోకొచ్చి చెంప మీద ఫెడీమని కొట్టింది! నీళ్లు కారి పంచె తడిసిపోయింది. ఆ వాసనకి ఎనకాల ఒక పిల్లి తగులుకుంది. రెండయినాయి. ఏడయినాయి. ఈయన పరిగెత్తితే అవీ పరుగు. పదకొండు పిల్లులు బాబూ, నేను లెక్కెట్టినాను. వరసగా, తోకలు పైకెత్తుకుని, ఊరేగింపు! సరీగ్గా అప్పుడే బస్సాగింది, వియ్యంకుడు దిగినాడు. దిగీ దిగగానే ఎదురుగా ఈ సంబరం. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు సూసుకున్నారు. చేప మళ్లీ ఫెడీమంది. వియ్యంకుడు పొట్ట పట్టుకుని నడిరోడ్డు మీద కూలబడి నవ్వినాడు. నవ్వి నవ్వి, "బావగారూ, నాకోసం చేపని ఇంత ప్రాణంగా ఎత్తుకొచ్చిన వియ్యంకుడు మీరే. పదండి, పిల్లుల్ని నేను తోల్తాను" అన్నాడంట.

తెల్లారి సంతకి ప్రెసిడెంటుగారి పెళ్లామొచ్చింది, మూతున్న స్టీలు క్యాను పట్టుకుని. అందరం తిట్టడానికే ఒచ్చిందనుకున్నాం. కాదు. "ఇదిగో నూకా, దీంట్లో ఎయ్యి. ఆ పంచె నాలుగు నీళ్లల్లో ఉతికినా కంపు ఒదల్లేదు" అంది. ఆవిడ క్యాను తళతళలాడిపోతంటే మిగతా ఆడోళ్లు సూత్తా ఊరుకుంటారా? మర్నాడు ఒకత్తి ఇత్తడి గిన్నె తెచ్చింది. ఇంకోత్తి కొత్త కుక్కరు, విజిలుతో సహా. పంతులుగారు నాలుగరల క్యారేజీ తెచ్చి, పై అరలో రొయ్యలండి, కింద అరలో కానాగంత చేపలండి, అని వరస చెప్తన్నారు. ఒకడు బండాపి హెల్మెట్టు తిరగేసి పట్టినాడు. ఇంటికెల్లి తల ఎలా దూర్చినాడో నేనడగలేదు. సంతంతా గిన్నెల మోత, నవ్వులు! ఎవలి గిన్నె ఎంత బాగుందో సూడ్డానికే సగం మంది ఒత్తన్నారు.

పైడితల్లి గంప ముందు ఈగలు. వారం ఓర్చుకుంది. ఒకనాడు కవర్ల కట్ట గంప కిందకి తోసేసి, తలొంచుకుని, అక్కా, నన్నూ గిన్నెలకే అమ్ముకోనిత్తావా, అంది. నూకరత్నం ఏటంటాదో అని అందరం చెవులొగ్గినాం. దెప్పుద్దనుకున్నాం. అది లేచి, ఎండ పైడితల్లి మీద పడకుండా గొడుగు అటు జరిపింది. "నన్నడుగుతావేటే, కేకెయ్యి. నాకంటే నీ గొంతే పెద్దది" అంది. అంతే, పైడితల్లి "గిన్నెలు తెండి బాబూ గిన్నెలు!" అని ఎత్తుకుంది సూడు, కాకులు లేచిపోయినాయి.

మరి సముద్రం శుభ్రపడిపోయిందా అంటావా? ఎక్కడిది! ఇప్పటికీ వలలో కవర్లొత్తానే ఉంటాయి, ఏ ఊరివో ఏ దేశానివో. కాకపోతే మావి కావు కాబట్టి మేం గొంతెత్తి తిట్టుకుంటాం. ఆ సుఖం ఏరు. సరే, ఇంతసేపూ ఇన్నావు, ఉత్త చేతుల్తో పంపుతానేటి, ఇదిగో ఈ చేప పట్టుకెల్లు. దేంట్లోనా? నీ సంచిలో కాయితాలు తీసి చంకలో ఎట్టుకో బాబూ, చేపకి చోటియ్యి.