బాతుపిల్లల చాటున అన్నయ్య

హలో… ఆ, నేనే అన్నయ్యా, నీ చెల్లెల్ని. పెట్టెయ్యకు! నీకు దణ్ణం పెడతా, ఫోను పెట్టెయ్యకు.

…

ఏడవట్లేదు, నవ్వుతున్నా. అంటే… రెండూ కలిసి వస్తున్నాయి. ముందు ఒక్కటి చెప్పు. ఎన్నో ఏళ్లుగా కడుపులో మోస్తున్న అనుమానం. పొద్దున లేస్తే మా అందరికీ "జాగ్రత్త, జాగ్రత్త" అంటావు కదా, అది ప్రేమా, భయమా?

…

ఎగతాళి కాదు! దేవుడి మీద ఒట్టు. సరే, అది తర్వాత చెబుదువుగాని. అసలు సంగతి విను. నువ్వు పెళ్లి చేసుకుంటున్నావని నాకు ఇప్పుడే తెలిసింది.

—

ఇప్పుడే! ఈ నిమిషంలో! మా ఆయన ప్యాంటు తీసుకెళదామని దర్జీ మాస్టారి కొట్టుకి వచ్చాను. హ్యాంగరుకి నీ కోటు వేలాడుతోంది. "పాపం, మీ అన్నయ్యగారు పెళ్లి మానుకుంటారేమోనమ్మా, కోటుకి తొందర లేదన్నారు" అన్నాడాయన. "ఎవరి పెళ్లండీ?" అన్నాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

…

చూడలేదు. మన కుటుంబం గ్రూపులో నువ్వు పెట్టావు, కానీ నేను చూడలేదు. మా ఇంట్లో ఎవ్వరూ చూడలేదు. బాబాయి వాళ్లూ చూడలేదు… ఆగు, చెప్పనియ్యి!

ఫోను తెరిస్తే చాలు, తగలబడటాలు, నరుక్కోవడాలు, తిట్టుకోవడాలు. దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చి అది ముట్టుకుంటే మనసంతా బురదయ్యేది. ఒకరోజు కోడలు పక్కన కూర్చుని, "అత్తయ్యా, మీకు గిట్టని మాటలు చెప్పండి, ఆ మాటలున్నవేవీ ఇక మీ కంట పడవు" అంది. నేను ఒక్కొక్కటే చెప్పాను. దారుణం, ఘోరం, విషం, ప్రమాదం, హెచ్చరిక…

…

ఆ. జాగ్రత్త కూడా.

…

అరవకు! కొట్లో వాళ్లందరికీ వినబడుతోంది. నిన్ను వద్దంటానా నేను? నువ్వు అందులో కొట్టుకుపోతావని నాకేం తెలుసు? మర్నాటి నుంచి ఫోను ఎంత బాగుందో! పసిపిల్లల నవ్వులు, పూలు, అడుగంటిన గిన్నె తోమి తళతళలాడించే ఆయన ఒకడు, ఇక బాతుపిల్లలైతే… నా మొహం చూసి మా ఇంట్లో, బాబాయి వాళ్లింట్లో అందరూ అదే పెట్టించుకున్నారు.

—

అనుకున్నాను! అన్నయ్య ఈమధ్య ఏమీ పెట్టట్లేదేమిటా అని రెండు మూడుసార్లు అనుకున్నాను. కాస్త స్థిమితపడ్డాడు కాబోలు అని సంతోషించాను కూడా.

…

నవ్వావా? నవ్వలేదా? సరేలే.

మాస్టారూ, మీ ఫోను ఒక్కసారి ఇటివ్వండి… నువ్వు ఈయనకి కూడా పంపుతావటగా, ఈయనకి మాత్రం నీ హెచ్చరికలు ఒక్కటి వదలకుండా చదవడం ఇష్టమట. ఇదిగో, నువ్వు రాసిందే చదువుతున్నా, విను. "హెచ్చరిక! అరవయ్యో ఏట పెళ్లి అనే ప్రమాదకరమైన పనికి పూనుకున్నాను. కుటుంబ సభ్యులు జాగ్రత్త వహించి, అభ్యంతరాలుంటే ముందే తెలుపగలరు."

ఇదేం శుభలేఖ అన్నయ్యా! లిఫ్టు తలుపు మీద అంటించే నోటీసులా ఉంది! ఇన్నేళ్లు లిఫ్టులు బాగుచేసి, చివరికి పెళ్లి కబురు కూడా… ఉండు, మాస్టారు నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడ్డాడు.

…

పెట్టానా? ఆ రోజేనా? నువ్వు ఇది రాసిన రోజే నేను గ్రూపులో బాతుపిల్లల్ని పెట్టానా?… అయ్యో. అయ్యో అన్నయ్యా. నీ కబురు చూసి కూడా వాటిని పెట్టాననుకున్నావా?

…

మరి నోటితో చెప్పొచ్చుగా!

…

సిగ్గా! నీకా!

…

నువ్వు ఏమన్నావు ఇప్పుడు? మళ్లీ అను… "నాకు వేరే మాట రాదే" అన్నావా?… మొదట అడిగినదానికి జవాబా అది?

ఇక ఏం అడగను. చాలు. కళ్లు తుడుచుకోనియ్యి… దేవుడు ఇంతమంది మొరలు వింటాడు కదా, గిట్టని మాటలు తీసెయ్యమని ఎవరికీ చెప్పడేమో. తీసేస్తే నీలాంటి వాళ్ల సంగతి ఆయనకి ఎలా తెలుస్తుంది?… సరే, పురాణం ఆపాను. ఎక్కడున్నావు?

…

రిజిస్ట్రారు ఆఫీసు బయటా? బెంచీ మీదా? ఈ కొట్టు వెనక సందే కదా! పెళ్లి ఈరోజేనా?

…

రద్దు ఎందుకు చేసుకుంటావు, నీకు మతి పోయిందా? ఆవిడ వచ్చిందా?… లోపల కూర్చుందా? చెప్పేశావా ఆవిడకి?

…

ఇంకా లేదా! హమ్మయ్య. నోరు మూసుకుని కూర్చో. కదిలావంటే నా మీద ఒట్టు.

"మా వాళ్లకి ఇష్టం లేదు, నువ్వెందుకు మాటలు పడాలి" అందామనుకున్నావా? ఎవరికి ఇష్టం లేదు? పెళ్లికూతురు ఆ కళ్లజోళ్ల షాపావిడేగా?

…

ఎలా తెలుసా! కళ్లజోడు మర వదులైందని వారం వారం అక్కడికి పరుగెత్తేవాడివి. లిఫ్టులు బిగించిన చెయ్యికి ఆ చిన్న మర బిగించడం రాదా? అప్పుడే అనుకున్నాను.

మాస్టారూ, ఆ కోటు తీయండి. చేతులు కుదించలేదా? పర్లేదు, మడతపెట్టుకుంటాడు. మీరు కూడా రండి, మిషను ఎక్కడికీ పోదు!… బయల్దేరాం అన్నయ్యా.

…

పరుగెత్తుతున్నా. చూస్తున్నాలే, రెండువైపులా చూసుకునే దాటుతున్నా… ఆ, చెప్పులు గట్టివే!

—

ఏం కావాలి? సాక్షులా?… ఆవిడ వైపు వాళ్ల తమ్ముడున్నాడు. నీ వైపు?

…

ఎవరూ లేరనా అలా కూలబడ్డావు.

అన్నయ్యా… నా పెళ్లికి ఎవరొచ్చారు? నాన్న తలుపేసుకున్నాడు. అమ్మ గుమ్మం దాటలేదు. సాక్షిగా నువ్వొక్కడివే వచ్చావు, పని మధ్యలోంచి, గ్రీసు చేతులతో. నీ సంతకం పక్కన నల్లటి వేలిమరక పడితే ఆ గుమాస్తా నిన్ను ఎన్ని మాటలన్నాడు! నువ్వు తలొంచుకుని పడ్డావు. ఇన్నేళ్లలో దానికి బదులు ఏం చెయ్యాలో నాకు తోచనేలేదు.

…

మర్చిపోయావా? నేను మర్చిపోలేదు.

అదిగో, కనబడ్డావు! ఇటు, ఇటు! కోటు ఊపుతున్నది నేనే. మెట్లెక్కుతున్నా… అబ్బ, ఎంత చిక్కిపోయావు! ఉండు, ఊపిరి తీసుకోనియ్యి.

పక్కన ఈవిడేనా?… వదినా, నమస్కారం. అవునండీ, వదినా అనే పిలుస్తాను, మీరు కాదన్నా సరే. మా అన్నయ్య మీతో ఏదో అనబోయి ఉంటాడు, అదేం లేదు. కోటు కోసం ఎదురు చూస్తున్నాడు, అంతే.

ఫోను ఇంకా చెవి దగ్గర ఎందుకు పెట్టుకున్నావు, ఎదురుగానే ఉన్నానుగా! ఇప్పుడు పెట్టెయ్యి, ఈ కోటు తొడుక్కో.

ఆఁ, వస్తున్నామండీ. పెళ్లికొడుకు తరఫు సాక్షా? నేనండీ. స్వంత చెల్లెల్ని. పెన్ను ఇటివ్వండి… ఉండండి, ఫోను ఈ బల్ల మీద పెడతాను.

ఎక్కడ పెట్టాలి సంతకం?… ఇక్కడా.