కోతల మామయ్య నాటిన చెట్లు

"రండి రండి, అలా దూరాన నిలబడితే కథ సగమే చెవిన పడుతుంది. చెప్పులు అవతల విడిచి అరుగు మీదకి జరగండి. చిన్నవాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. నువ్వు ఆ బంతి కింద పెట్టవోయ్, దానికి కథలు అక్కర్లేదు."

ఆదివారం పొద్దున, రాత్రంతా కురిసిన వాన వెలిశాక, టీకొట్టు అరుగు మీద కోతల మామయ్య పిల్లల్ని ఇలా సర్దుతున్నాడు. అంతలో టైలరక్క రెండు మొక్కలు చెరో చంకన పెట్టుకుని వచ్చింది. ఒకటి వేప, ఒకటి కానుగ. రెండూ మోకాలెత్తున, నల్ల ప్లాస్టిక్ సంచుల్లో ఉన్నాయి.

ఆమె ఆ వీధికి వచ్చి రెండు నెలలే. అద్దెగది పడమటి ముఖం. లోపల బట్ట కత్తిరించే బల్ల వేశాక కుట్టుమిషనుకి చోటు మిగలక వాకిట్లో వేసుకుంది. మధ్యాహ్నం రెండు దాటితే ఎండ నేరుగా వచ్చి ఒళ్ళో కూర్చునేది. మిషను చక్రం ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనేది. చెప్పిన రోజుకి బట్టలు అందక ఇద్దరు ముగ్గురు అప్పుడే పక్కవీధికి మళ్ళిపోయారు. గోనెపట్టా కట్టుకుని రెండు మూడు వేసవులు నెట్టుకురావచ్చు, కానీ వెనకాల ఒక చెట్టు ఎదిగి వస్తోందన్న ధీమా ఉండాలి. తప్పు మొక్క నాటి అది కాస్తా చచ్చిందంటే మళ్ళీ మొదటికొస్తుంది కథ. ఇంటివాళ్ళు ఒక్క గుంతకే ఒప్పుకున్నారు. నర్సరీ ఆవిడేమో రెండూ మొండివే, ఒకటి ఉంచుకుని రెండోది మధ్యాహ్నంలోగా తిరిగి ఇచ్చెయ్యమంది.

ఎవరిని అడగాలి? వీధిలో అందరూ ఆయన్ని కోతల మామయ్య అంటారు. భుజాన కొడవలి కట్టిన పొడవాటి దోటితో ఆయన వెళ్ళడం ఆమే రెండుసార్లు చూసింది. చెట్లకి కోత పెట్టడంలో చెయ్యి తిరిగినవాడు కాబోలు, అందుకే ఆ పేరు, అనుకుంది పాపం.

అడగగానే ఆయన మీసం సర్దుకున్నాడు.

"వేపా కానుగా అని నన్నడుగుతున్నావా తల్లీ, సరైన గుమ్మానికే వచ్చావు. నాకు ఉద్యోగం వచ్చిన కొత్త. మా ఆఫీసు ముందు రాతినేల, పలుగు దింపితే నిప్పులు రాలేవి. వెనక పల్లం, చినుకు పడితే చెరువే. ఒక్కరోజే రెండు మొక్కలు నాటాను, ముందు వేప, వెనక కానుగ. అంతే. గొప్పేం లేదు, ఎవరైనా చేసే పనే."

"ఇవాళ వినయంతో మొదలైంది. తట్టుకోవడం కష్టమే," అంది టీకొట్టు పిన్ని, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

ఆయన వినిపించుకోలేదు. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొద్దున వేప నాటి, చెమట పట్టిందని చొక్కా విప్పి దాని కొమ్మకే తగిలించి, మరిచిపోయి ఇంటికి వెళ్ళాను. మర్నాడొచ్చి చూస్తే చొక్కా రెండో అంతస్తు కిటికీ దగ్గర ఊగుతోంది. వారం రోజులు బనీనుతో ఉద్యోగం చేశాను."

నిచ్చెన వేసుకోలేదా అని పిల్లల్లోంచి ఒక గొంతు. వేశానని, తాను ఒక మెట్టు ఎక్కితే చెట్టు రెండు మెట్లు ఎక్కేదని, చివరికి ఆకురాలు కాలం వచ్చినప్పుడు ఆకులతో పాటు చొక్కా కూడా రాలిందని జవాబు. టైలరక్కకి నవ్వొచ్చింది గాని ఆపుకుంది. తన గుంతలో వాన నీళ్ళు రెండు రోజులదాకా ఇంకవని, అలాంటి చోట వేప బతుకుతుందా అని అడిగింది.

"నీళ్ళా? మంచి మాట గుర్తుచేశావు. ఆ వేపకి ఏడేళ్ళు చుక్క నీరు పొయ్యలేదమ్మా నేను. ఒకనాడు జాలేసి చెంబుడు పోస్తే అది తాగదే, మొదట్లోంచి బుడబుడమని చెంబులోకే వెనక్కి పంపింది. అంత అభిమానం గల చెట్టు. ఇక దాని గాలి సంగతి చెబుతాను. ఎదురుగా ఒక డాక్టరు ఉండేవాడు. ఆ గాలికి వీధిలో తుమ్మినవాడు లేడు, దగ్గినవాడు లేడు. డాక్టరు ఈగలు తోలుకుని తోలుకుని, ఆఖరికి ఈగలు కూడా ఆరోగ్యంగా ఎగిరిపోతే, నా దగ్గరికొచ్చి, అన్నా, ఒక్క కొమ్మ కొట్టవా, కనీసం నలుగురికి జలుబైనా చెయ్యనీ, అని బతిమాలాడు."

"మరి కొట్టారా?" అంది పిన్ని.

"ఎలా కొడతాను? ఆ మాట అన్న మరుక్షణం ఆయన భుజం నొప్పి తగ్గిపోయింది. ఆయనే వద్దన్నాడు."

టైలరక్క గొంతు సవరించుకుంది. వేప గొప్పదే, కానీ తన గుంత మీదుగా కరెంటు తీగ పోతుంది, కానుగ అయితే అంత ఎత్తు పోదంటారు, నిజమేనా అని రెండోసారి అడిగింది. తల ఊపి మామయ్య కానుగ మీదకి దూకాడు గాని, తీగ దగ్గర ఆగలేదు.

"కానుగ నీడ ఎప్పుడైనా చూశావా తల్లీ? నేను నాటిన దాని నీడ చూడలేదు నువ్వు. ఆకు మీద ఆకు, దాని మీద ఆకు, పన్నెండింటికి దాని కింద కూర్చుంటే చీకటి పడిందనుకుని మా గుమాస్తాలు కాగితాలు సర్దుకుని ఇళ్ళకి పోయేవారు. కోళ్ళు గూళ్ళకి చేరేవి. ఆ నీడ ఎంత చిక్కనిదంటే, సూర్యుడు పక్కకి తిరిగినా అది కదిలేది కాదు. నలుగురం నాలుగు కొసలు పట్టుకుని, హైలెస్సా అని లాగి, పడమటి నుంచి తూర్పుకి మార్చేవాళ్ళం. ఒకసారి జారి నా కాలి మీద పడింది, ఇదిగో మచ్చ."

పిల్లలు మచ్చ చూడ్డానికి ఒకరి మీద ఒకరు పడ్డారు. మచ్చ ఉన్నమాట నిజమే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వరదొచ్చింది. మూడు రోజులు వీధంతా నడుములోతు నీళ్ళు. ముందు వేప మిట్ట మీద ఉంది కాబట్టి కాళ్ళు తడవకుండా నిలబడి చూస్తోంది. వెనక కానుగ మాత్రం, గుటక్ గుటక్ మని చప్పుడు, నేను చెవులారా విన్నాను, రాత్రీ పగలూ తాగింది. మూడోనాటికి వరద మొత్తం లోపలేసుకుంది. ఈదుతున్న బాతులు ఉన్నపళాన బురదలో చతికిలపడ్డాయి. ఆ పైన ఆర్నెల్లు మా ఆఫీసుకి కుళాయి అక్కర్లేదు, ఆకు మెలిపెడితే గ్లాసు నిండేది. ఆఖరికి ఆ వేపా ఈ కానుగా ఆఫీసు కప్పు మీద చేతులు కలుపుకుని, భవనాన్ని ఊయల ఊపడం మొదలుపెడితే, మా పై అధికారి నిద్రపోయి..."

టైలరక్కకి ఓపిక అయిపోతోంది. అవతల గుంత నోరు తెరుచుకుని ఉంది, రెండోమొక్క తిరిగి ఇవ్వాల్సిన వేళ దగ్గరపడుతోంది. వరదని తాగే చెట్టు ఆమెకి అక్కర్లేదు. నాటేటప్పుడు చెయ్యి ఎక్కడ వెయ్యాలో తెలిస్తే చాలు. చంకలోని సంచి వైపు చూసుకుని మామూలుగా అడిగింది.

"మామయ్యా, నాటేముందు ఈ సంచిని ఏం చేశారు?"

"సంచినా? ఏం చెయ్యడమేమిటి, సంచితోనే పెట్టాను. లేత వేళ్ళు, సంచి తీస్తే చలి వెయ్యదూ?"

పిన్ని గరిటె ఆగిపోయింది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. తరవాత పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని స్టూలు మీద కూలబడింది.

"అమ్మాయ్, ఇంతకీ ఈయన్ని ఏమనుకుని అడుగుతున్నావు నువ్వు?"

కోతల మామయ్య అంటే కొమ్మలు కోసే పనివాడేగా, చెట్ల సంగతి తెలిసినాయనేగా అంది టైలరక్క. పిన్ని కళ్ళు తుడుచుకుంది.

"కొమ్మలు కోసేదీ నిజమే. ముప్పై ఏళ్ళు కరెంటాఫీసులో తీగలకి అడ్డొచ్చిన కొమ్మలు నరికాడు. ఆ పేరు మాత్రం అందుకు పెట్టలేదమ్మా, ఇదిగో, ఇప్పటిదాకా కోశాడే, ఈ కోతలకి పెట్టాం. ఈయన మొక్క నాటగా చూసినవాళ్ళు ఈ వీధిలో లేరు."

పిల్లలు పకపకా నవ్వారు. మామయ్య నవ్వబోయి, మీసం దాకా వచ్చిన నవ్వుని అక్కడే ఆపేశాడు. టైలరక్క నవ్వలేదు. ఆమెకి ముందు ఏడుపొచ్చింది, సంచితో సహా పాతిపెట్టి మొక్కని చంపుకుని ఉండేదాన్నే అని. తరవాత ఇంకో సంగతి తట్టింది. ముప్పై ఏళ్ళు.

"అయితే మామయ్యా, అన్నేళ్ళు నరికారు కదా. నరికినా బతికిందేది?"

ఆయన రెండు మొక్కల వైపూ చూశాడు. ఈసారి గొంతు మారింది, మాటలు పొట్టివయ్యాయి.

"కానుగ. నీకు తీగ ఉందన్నావు, నీళ్ళు నిలుస్తాయన్నావు. ఆ చోటుకి కానుగే. గాలాడే మిట్టనేలయితే వేపకి మించింది లేదు, రాళ్ళలో అయినా బతుకుతుంది. పల్లంలో మాత్రం వేరు కుళ్ళుతుంది. పైగా అది నిలువునా పోతుంది, తీగ తగలగానే నాలాంటివాడొచ్చి తల నరుకుతాడు, ఏటా నరుకుతాడు. తల లేని వేప నీడ చీపురు నీడ. కానుగ పక్కలకి పరుచుకుంటుంది, కొమ్మ పోయినా మళ్ళీ చిగురేస్తుంది. పూలూ కాయలూ రాలుస్తుంది, ఊడ్చుకోవాలి, అంతే."

కొమ్మలు కొట్టడానికి నిచ్చెన మీద నిలబడితే కింద ఏ మొక్క ఎందుకు చస్తోందో బాగా కనపడేదట. కర్రకి బిగించి కట్టిన తాడు కాండంలోకి దిగిపోయి కొన్ని, మొదలు చుట్టూ మెడదాకా మట్టి పోసి కొన్ని, రోజూ గ్లాసుడు నీళ్ళు చిలకరించడం వల్ల వేరు లోపలికి దిగక కొన్ని. ముందు కొన్ని వారాలు రెండు మూడు రోజులకోసారి, వేళ్ళూనాక వారానికోసారి, పోసినప్పుడల్లా బకెట్టు నిండా పొయ్యమన్నాడు. వాన పడ్డ వారం ఊరుకోమన్నాడు.

అందరూ టైలరక్క వాకిటికి నడిచారు. గుంతలో నిలిచిన నీళ్ళు పిల్లలు కొబ్బరి చిప్పలతో తోడేశారు. ఆమె పెద్ద కత్తెర తెచ్చి, కుట్టు విప్పినంత నేర్పుగా సంచిని పైనుంచి కిందికి చీల్చింది. లోపల వేళ్ళు మట్టిముద్దని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ముద్ద చెదరకుండా దించడానికి రెండు చేతులు చాలవు. ఎవరూ పిలవకుండానే మామయ్య మోకాళ్ళ మీద కూర్చుని కింద చెయ్యి పట్టాడు. కాండం మొదలు నేలకి సమంగా ఉందో లేదో వంగి మూడుసార్లు చూసుకుని, అప్పుడు మట్టి తొయ్యనిచ్చాడు.

పిన్ని వేపమొక్క అందుకుని, నర్సరీకి తాను ఇచ్చి వస్తానంది.

మామయ్య ఇంకా లేవలేదు. పిల్లల్లో ఒకతె, ఇందాక ముందు వరసలో కూర్చున్న పిల్లే, అడిగింది.

"మామయ్యా, మొత్తం మీరు ఎన్ని చెట్లు నాటారు?"

అందరూ ఆగారు, ఏ వెయ్యో లక్షో వినపడుతుందని. ఆయన గోళ్ళలోని బురద గీరుకుంటూ మొక్క వైపు చూశాడు.

"ఒకటి," అన్నాడు. "ఇక లేవండి. ఆకళ్ళవేళ అయింది, ఇళ్ళకెళ్ళి అన్నాలు తినండి."